వెల వేరు, విలువ వేరు

మన తెలుగులో వెల అని ఒక మాట, విలువ అని ఒక మాట ఉన్నాయి. వినడానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి గాని వాటి పనులు వేరు. మదనపల్లె మార్కెట్టు సంగతి మనందరికీ తెలిసిందే. ఒక్కో ఏడు టమాటాకు కిరాయి ఖర్చు కూడా రాక రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసి ఇంటిదారి పడతారు. 2023 జూలైలో అదే టమాటా కిలో వంద రూపాయలు దాటి ఇల్లాళ్ళను భయపెట్టింది. మారింది వెల. కాయ ఎరుపు మారలేదు, పులుపు మారలేదు, చారులో అది చేసే పని మారలేదు. వెల అనేది ఎదుటివాడు కట్టేది. విలువ ఆ వస్తువులోనే ఉండేది.

ఈ తేడాను టమాటాల విషయంలో మరచిపోతే డబ్బు పోతుంది. మనుష్యుల విషయంలో మరచిపోతే ప్రాణాలే పోవచ్చు. ఇది పెద్ద మాట అనిపిస్తే 2019 ఏప్రిల్ నెలను ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరువాత కొద్ది రోజులలోనే ఇరవై మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. ఆ రోజులలోనే మార్కుల నమోదులో తప్పులు దొర్లాయని బయటపడింది. తెలుగు పేపరులో 99 మార్కులు రావలసిన ఒక అమ్మాయికి సున్నా పడిందని పత్రికలన్నీ రాశాయి. తిరిగి చూసినప్పుడు సున్నా పోయి 99 వచ్చింది.

ఈ సంగతి విన్న నాటి నుండి ఒక ప్రశ్న నన్ను వదలలేదు. సున్నా పడిన రోజున ఆ అమ్మాయి ఎవరు? 99 వచ్చిన రోజున ఎవరు? ఇద్దరూ ఒక్కరే కదా! కాగితం మీద అంకె మారింది గాని ఆమెలో ఏదీ మారలేదు. ఇక్కడితో ఆగకుండా ఇంకొక అడుగు వేద్దాం. ఆ సున్నా తప్పుగా పడింది కాక నిజంగా సున్నాయే అయి ఉంటే? ఆ పిల్ల ఆ ఏడు సరిగా చదవలేదనే అర్థం. మళ్ళీ చదవాలనీ అర్థం. అంతకు మించి దానికి ఏ అర్థమూ లేదు. అప్పుడు కూడా ఆ అమ్మాయి ఆ అమ్మాయే.

మరి మన పిల్లలు తమను తాము ఒక అంకెగా చూసుకోవడం ఎక్కడ నేర్చుకున్నారు? బడిలో మాత్రమే అని నేననుకోను. గుక్క తిప్పుకోకుండా ర్యాంకులు చదివే టీవీ ప్రకటనలను వింటూ పెరిగిన తరం ఇది. ఫలితాలు వచ్చిన మరునాడు కూడలిలో వెలిసే పెద్ద పెద్ద బోర్డుల మీద నవ్వే ముఖాలు, ముఖం కింద అంకె. ఆ బోర్డు మీద లేని ముఖాల సంగతి ఎవరు ఆలోచిస్తారు? ఆ దారినే సైకిలు మీద ఇంటికి వెళ్ళే కుర్రవాడు, ఎవరూ ఏమీ అనకపోయినా, ఒక పాఠం నేర్చుకుని వెళతాడు: ‘అంకె ఉన్నవాడికే ముఖం ఉంటుంది.’

అంకెల తరువాత రంగు. ఫెయిర్ అండ్ లవ్లీ అనే పూత మందు 1975లో మన దేశపు బజారులోకి వచ్చింది. దాని ప్రకటనలలో కథ చాలాసార్లు ఒక్కటే. నల్లని పిల్లకు ఉద్యోగమో, సంబంధమో కుదరదు. పూత పూసుకుంటుంది, తెల్లబడుతుంది, అన్నీ కుదురుతాయి. 2020లో ఆ కంపెనీ పేరులోని ఫెయిర్ తీసివేసి గ్లో అని మార్చుకుంది. డబ్బా మీద పేరు మార్చడం సులభం. మన నాలుక మీద పేరు మారిందా? ‘పిల్ల గుణవంతురాలే గాని కాస్త రంగు తక్కువ’ అనే మాట మన పెళ్ళిచూపులలో ఈనాటికీ వినబడుతోంది. ‘గాని’ అనే ఆ చిన్న మాట ఒక ఆడపిల్ల గుండెలో ఎన్ని సంవత్సరాలు గుచ్చుకుంటుందో అన్నవారికి తెలియదు. రంగు తక్కువ అనడంలోనే, అది కొలిచి తూచే సరుకు అన్న భావం ఉంది.

ఇక చేతిలోని ఫోను. ఫేస్‌బుక్ 2009లో లైకు మీటను తెచ్చింది. అంతకు ముందు కూడా మనుష్యులు మెప్పు కోరుకున్నారు. కాని మెప్పును ఇలా లెక్కపెట్టి, అంకె వేసి, అందరికీ కనబడేలా ముఖం పక్కనే అంటించడం మన కాలపు కొత్తదనం. పండుగనాడు కొత్త లంగావోణీ కట్టుకున్న పిల్ల తన ఫోటో పెట్టి, అద్దం చూసుకున్నట్లు గంటకొకసారి ఫోను చూసుకుంటుంది. అద్దమైతే ఉన్నదే చూపుతుంది. ఫోను మాత్రం ఇతరులు కట్టిన వెల చూపుతుంది. 2021లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం లైకుల సంఖ్యను కనబడకుండా దాచుకునే వీలు కల్పించాయి. ఆ అంకె కొందరిని బాధిస్తున్నదని వాటిని నడిపేవారికీ తెలిసింది.

తన వెల చాలదనుకున్న యువకుడు ఇంకొకరి వెలను అరువు తెచ్చుకుంటాడు. వెనుకటికి ‘మా హీరో సినిమా ఇన్ని కేంద్రాలలో వంద రోజులు ఆడింది’ అని కొట్లాడుకునేవారు. ఇప్పుడు వసూళ్ళ కోట్ల మీద కొట్లాట. 2017లో బాహుబలి రెండవ భాగం వెయ్యి కోట్లు దాటినప్పుడు మన తెలుగువారందరం సంతోషించాం. అందులో తప్పు లేదు. కాని ఆ వెయ్యి కోట్లలో ఒక్క రూపాయి కూడా రాని పిల్లవాడు, ఇంకొక హీరో అభిమానితో తల పగిలేలా తగువు పడితే మనం ఆలోచించాలి. ఆత్మగౌరవం అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. 1982లో ఎన్.టి. రామారావుగారు రాజకీయాలలోకి వచ్చినప్పుడూ, తరువాత తెలంగాణ ఉద్యమంలోనూ ఆ మాట ఊరూరా మోగింది. ఒక జాతికీ, ఒక ప్రాంతానికీ గౌరవం కావలసిందే. అయితే గుంపు గౌరవం ఎంత పెరిగినా, గుంపు చెదిరి ఇంటికి వచ్చి ఒంటరిగా పడుకున్నప్పుడు ‘నేనెవరిని?’ అన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

విలియం జేమ్స్ అనే అమెరికా తత్త్వవేత్త 1890లో ప్రచురించిన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ఈ విషయాన్ని ఒక లెక్కగా వేసి చూపాడు. మనకు మన మీద ఉండే అభిమానం ఒక భిన్నం వంటిదట. పైన మనం సాధించినది, కింద మనం కోరుకున్నది. నాలుగు కోరుకుని నాలుగూ సాధిస్తే తృప్తి. నలభై కోరుకుని నాలుగే సాధిస్తే తనను తాను నిందించుకోవడం. అభిమానం పెరగాలంటే పై అంకెను పెంచాలి, లేదా కింది అంకెను తగ్గించాలి. ఎంత చక్కగా చెప్పాడు! సినిమాలూ, ప్రకటనలూ, ఫోనులూ చేసే పని ఏమిటో ఈ లెక్కతో తేటతెల్లమవుతుంది. మన పై అంకెను అవి పెంచలేవు. కింది అంకెను మాత్రం పూటపూటకూ పెంచుతూ పోతాయి. అటువంటి ఇల్లు, అటువంటి ఒళ్ళు, అటువంటి పెళ్ళి మనకూ ఉండాలని చెబుతూ ఉంటాయి.

అయితే ఈ లెక్క మన మనసు ఎలా నడుస్తుందో చెబుతుంది గాని, మనిషి విలువ ఎంతో చెప్పదు. పక్షవాతం వచ్చి మంచాన పడిన తాతగారిని తీసుకోండి. ఆయన ఇప్పుడు సాధించేది ఏమీ లేదు. పై అంకె సున్నా. మరి ఆయన విలువ సున్నా అనగలమా? పుట్టి పది రోజులైన పసిబిడ్డ ఏమి సాధించింది? ఆ బిడ్డ విలువ సున్నాయా? భిన్నం ఇక్కడ మూగబోతుంది.

కాంట్ అనే జర్మను తత్త్వవేత్త 1785లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక తేడా చూపాడు. వెల ఉన్న వస్తువు పోతే దానికి సమానమైన ఇంకొకటి తెచ్చి పెట్టవచ్చు. దేని స్థానంలో మరొకటి పెట్టలేమో దానికి వెల లేదు, గౌరవం ఉంది. మనిషి ఈ రెండవ కోవకు చెందినవాడు. సెమినరీలో ఈ పాఠం చదివినప్పుడు అది నాకు పుస్తకంలో మాటగానే ఉండేది. చావు జరిగిన ఇళ్ళకు వెళ్ళడం మొదలైన తరువాత దాని లోతు తెలిసింది. ఐదుగురు బిడ్డల తల్లి ఒక బిడ్డను పోగొట్టుకుంటే, ‘ఇంకా నలుగురున్నారు కదమ్మా’ అనే ధైర్యం ఎవరికైనా ఉంటుందా? ఆ బిడ్డ మొదటి ర్యాంకువాడా, రెండుసార్లు తప్పినవాడా అని ఆ తల్లి లెక్క చూస్తుందా? చదువురాని ఆ తల్లికి కాంట్ పేరు తెలియదు. ఆయన చెప్పినది మాత్రం పూర్తిగా తెలుసు.

‘ఫాదర్‌గారూ, పిల్లలకు ఇలా చెబితే గర్వం నేర్పినట్లు కాదా? తగ్గి ఉండమని కదా మన పెద్దలు చెప్పారు?’ అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. మంచి ప్రశ్న. గర్వం అంటే నా వెల ఇతరుల కంటె ఎక్కువ అని అనుకోవడం. తనను తాను నీచపరచుకోవడం అంటే నా వెల అందరికంటె తక్కువ అని అనుకోవడం. రెండూ ఒకే తక్కెడలో తూగుతున్నాయి. వినయం ఆ తక్కెడ దిగి, ఉన్నది ఉన్నట్లు చూడడం. పునీత తోమాసు అక్వినాసు గర్వాన్నే కాదు, అల్పమనస్కతను కూడా ఒక దోషంగా లెక్కించారు. తన శక్తికి తగిన మంచి పని చేయగలిగి కూడా ‘నా వల్ల ఏమవుతుంది?’ అని వెనుదిరగడమే అల్పమనస్కత. యజమాని ఇచ్చిన సొమ్మును భూమిలో పాతిపెట్టిన సేవకుని ఆయన ఇందుకు ఉదాహరణగా చూపారు. పొరుగువానిని తనను వలె ప్రేమించాలన్న ఆజ్ఞ కూడా ఈ దారినే చూపుతుంది. తన మీద తనకు ప్రేమ లేనివాడు పొరుగువానిని దేనితో కొలుస్తాడు?

అయితే సినిమాలు చూడడం మానేయమంటారా? నేను సినిమాలకు శత్రువును కాను. 1986లో కె. విశ్వనాథ్‌గారి స్వాతిముత్యం వచ్చింది. లోకం తెలియని ఒక అమాయకుడు, ఊరంతా నవ్వుకునేవాడు, అందరూ బరువుగా చూసిన ఒక వితంతువుకు తోడుగా నిలుస్తాడు. బజారులో అతనికి వెల లేదు. హాలులో కూర్చున్నవారికి మాత్రం అతని విలువ కళ్ళనీళ్ళతో సహా తెలిసింది. 2020లో వచ్చిన కలర్ ఫోటో నల్లని కుర్రవాని ప్రేమకథ. రంగును బట్టి మనిషిని తూచడం ఎంత క్రూరమో సూటిగా చూపింది. ఆ సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. మంచి కథ వెల లేనివాని విలువ చూపగలదు. కనుక పిల్లలతో కలిసి చూడండి. చూసిన తరువాత ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ కథలో ఎవరిని చూసి మనల్ని నవ్వమన్నారు? ఆ మనిషి చోట నువ్వుంటే?’ లావుపాటివారిని, నత్తివారిని, నల్లనివారిని హాస్యానికి వాడుకునే సన్నివేశం ఆ ప్రశ్న ముందు నిలబడదు.

మాటలు చాలు, ఇంట్లో చేయదగినవి మూడు చెప్పి ముగిస్తాను.

మొదటిది, ఫలితాలు వచ్చే రోజు. బిడ్డ గుమ్మంలో అడుగు పెట్టగానే ‘ఎన్ని వచ్చాయి?’ అనే ప్రశ్నకు ముందు ‘అన్నం తిన్నావా?’ అని అడగండి. మార్కుల సంగతి అన్నం తిన్నాక మాట్లాడుకోవచ్చు. బిడ్డ ముభావంగా ఉన్నా, బ్రతకాలని లేదన్నట్లు మాట్లాడినా తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి, కోప్పడకండి, దగ్గర కూర్చుని వినండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ వారికి 14416 నంబరుకు ఫోను చేస్తే మన భాషలోనే మాట్లాడతారు. డాక్టరు సాయం తీసుకోవడం సిగ్గుపడవలసిన పని కాదు.

రెండవది, మన నాలుక. అక్క తెలుపు, చెల్లి నలుపు అనే పోలిక, పెద్దవాడు చురుకు, చిన్నవాడు మొద్దు అనే పోలిక ఇంట్లో వినబడకుండా చూడండి. పిల్లలకు మొదటి వెల కట్టేది సినిమావారు కాదు, మనమే.

మూడవది, ఇంట్లో అందరికంటె ఏమీ చేయలేని మనిషి. అది మంచాన ఉన్న నానమ్మ కావచ్చు, ఎదుగుదల లేని బిడ్డ కావచ్చు. ఆ మనిషికి మనం ముందు అన్నం పెడుతున్నామా, చివర పెడుతున్నామా? పేరు పెట్టి పిలుస్తున్నామా, విసుక్కుంటున్నామా? పిల్లలు చూస్తూనే ఉంటారు. ‘నేను ఏమీ సాధించలేని రోజున ఈ ఇంట్లో నన్ను ఎలా చూస్తారు?’ అన్న ప్రశ్నకు వారు జవాబు నేర్చుకునేది అక్కడే.