కారు సౌండ్ మార్చుకుంటే పాపమా?



గుడివాడ నుంచి మన ఛానల్ చూసే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నా టర్బో కారుకి బ్లో-ఆఫ్ వాల్వ్ మార్పిద్దామనుకుంటున్నా. గేర్ మార్చినప్పుడల్లా 'ప్ష్‌ష్' అని సౌండ్ వస్తుంది. నా కారు, నా డబ్బు. ఇందులో అధర్మం ఏముంది?" వీడియోలో టైమ్ చాలలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ వాల్వ్ పని చూద్దాం. టర్బో గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి పంపుతుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే థ్రాటిల్ మూసుకుంటుంది. దారిలేని గాలి వెనక్కి తన్నకుండా వాల్వ్ తెరుచుకుంటుంది. చాలా పెట్రోల్ కార్లలో కంపెనీ వాల్వ్ ఆ గాలిని మళ్లీ లోపలి పైపులోకే తిప్పేస్తుంది. మార్చిన వాల్వ్ బయటికి వదులుతుంది. మామూలు కారులో దానివల్ల పవర్ పెరిగేదేమీ ఉండదు. అంటే మనం డబ్బు పెట్టి కొనేది సౌండ్ ఒక్కటే. ఎవరికోసం?

సౌండ్ ఇష్టపడటం పాపం కాదు. కురుక్షేత్రంలో కృష్ణుడికి పాంచజన్యం, అర్జునుడికి దేవదత్తం, భీముడికి పౌండ్రం. ఎవరి శంఖం వాళ్లదే. కానీ అవి మోగింది యుద్ధభూమిలో. రాత్రి పదకొండుకి ఏలూరు రోడ్డు పక్కన నిద్రపోతున్న పసిబిడ్డా, గుండె జబ్బున్న పెద్దాయనా ఏ యుద్ధానికీ రాలేదు కదా!

గీత పదిహేడో అధ్యాయంలో వాక్కుతో చేసే తపస్సు గురించి ఉంది. ఎదుటివాళ్లను కలవరపెట్టని, నిజమైన, మేలుచేసే మాట. "అది మాట గురించి కదా" అంటారేమో. మీ కారు సౌండ్ కూడా మీరు ఊరితో చెప్పే మాటే. "నేనొచ్చా, చూడండి" అని.

"మరి గుడి మైకు సంగతేంటి?" అని అడగొచ్చు. అడగాలి కూడా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 అని పరిమితి ఉంది. కారుకి చెప్పిన ధర్మం మనకి వర్తించదంటే అది ధర్మమే కాదు. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల గారి భగవద్గీత ఇన్ని ఇళ్లలో మోగుతోందంటే, వినేవాళ్లు ఇష్టపడి పెట్టుకున్నారు కాబట్టే. ఆ గొంతునైనా పక్కింటి రోగి చెవిలోకి బలవంతంగా తోస్తే అది భక్తి అనిపించుకోదు.

చట్టమూ ఉంది. వాహనం శబ్ద పరిమితి దాటితే మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. విశాఖపట్నంలో మార్చిన బైక్ సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించారు. కానీ భయంతో మానేస్తే పోలీసు లేని వీధిలో మళ్లీ మొదలవుతుంది.

కాబట్టి తమ్ముడూ, ఒక్కటే పరీక్ష. రాత్రి పదకొండుకి మీ అమ్మగారు పడుకున్న గది కిటికీ కింద ఆ సౌండ్ నాలుగుసార్లు చేయగలవా? మనసు ఒప్పుకోకపోతే, ఇంకొకళ్ల అమ్మ కిటికీ కింద కూడా వద్దు.

జై శ్రీకృష్ణ.