మఠపు గోడలు - దాసోహపు గడప

పాడుపడిన పల్లెటూరి మఠమును సమీపించువానికి మొదట కనుపించునది రావిమొలక. గచ్చు రాలిన గోడసందున పక్షి విడిచిన విత్తు మొలకెత్తి, వేరు రాళ్ళనడుమకు చొచ్చి, కొన్నియేండ్లలో రెండడుగుల మందముగల గోడను రెండుగా చీల్చును. పిమ్మట మిద్దె కురియును. దూలము చివుకును. తలుపురెక్కలు, గడపరాళ్ళు ఒకటొకటిగ ఊరిలోని ఇండ్లకు చేరును. మఠపు మాన్యము అంతకుముందే అన్యాక్రాంతమైయుండును. దీపము పెట్టు అయ్యవారు బ్రతుకుతెరువునకై పట్టణము చేరియుండును.

ఇట్టి పాతకట్టడములను బాగుచేసి, ప్రకృతికి హాని కలుగని రీతిని విహారయాత్రికులకు బసగ మార్చి అద్దెకిచ్చుట ఇటీవలికాలమున దేశమంతట వ్యాపించుచున్నది. రాజస్థానమున 1464 నాటిదని ప్రసిద్ధిగన్న నీమ్రానా కోట చిరకాలము శిథిలమైయుండి, 1991లో వసతిగృహముగ తెరువబడినది. తుంగభద్ర ఉత్తరపుటొడ్డున, హంపికి ఎదుటనున్న ఆనెగొందిలో పల్లెయిండ్లను వాని రూపు చెడకుండ మరమ్మతు చేసి అతిథులకు ఇచ్చుచున్నారు. ఆ ఊరి స్త్రీలు అరటినారతో బుట్టలు, సంచులు అల్లి జీవనము సాగించుకొనుచున్నారు. కోటల మాట వేరు. రాజు తనకై కట్టుకొన్న కోటలో నేడు ధనవంతుడు అద్దె చెల్లించి పరుండినచో వింతయేమున్నది? నాడును అది ధనవంతునిదే. మఠము అట్టిది కాదు. అది దాసోహమునకై కట్టబడినది. ఆకలితో వచ్చినవానిని పేరడుగక కూర్చుండబెట్టిన పంక్తిలో, నేడు అన్నమునకు ధర వ్రాసి పలక వ్రేలాడదీయవచ్చునా?

ఈ ప్రశ్నకు కొందరు సులువైన సమాధానము చెప్పుదురు. బసవేశ్వరుడు స్థావరముకంటె జంగమమునకే పెద్దపీట వేసినవాడు గదా. దేహమునే దేవాలయముగ భావింపుమని బోధించినవాడు గదా. ఆయన అనుయాయులు కూలుచున్న రాళ్ళకై విలపించుట ఏల, కూలనిండు, అని వారి వాదము. వినుటకు ఇది వైరాగ్యమువలె ధ్వనించును. కాని ఇట్లు పలుకువారిలో తన సొంతయింటి మిద్దె కురియుచుండగ ఊరకుండు వాడొక్కడును కానరాడు. కల్యాణములో బసవేశ్వరుని మహామనె జంగములకు అన్నము పెట్టిన యిల్లు. దానికిని గోడలు, పైకప్పు ఉండియేయుండును. వానలో తడిసివచ్చిన జంగమునకు సిద్ధాంతముకంటె ముందు పొడిచోటు కావలెను. స్థావరమును పూజింపరాదనుట ఒకటి, దానిని వాడుకొనరాదనుట వేరొకటి. కుమ్మరి తన సారెను పూజింపకపోయినను పరవాలేదు. దానిని త్రుప్పుపట్టి విరిగిపోనిచ్చినచో అతని కాయకమునకే లోపము కలుగును.

కావున కట్టడమును నిలుపవలెననుటలో సందేహము లేదు. ఎట్లు నిలుపవలెను, ఎవరికొరకు నిలుపవలెను అనునవియే చిక్కులు.

మొదటిదానిని తీసికొందము. రాయలసీమలోని పాతమఠములు పెక్కు చవుడుమిద్దెలు. దూలములమీద దంతెలు, దంతెలమీద కట్టెలో బండలో పరచి, పైన మట్టి తొక్కి, ఆపైన చవుడు పోయుదురు. చవుడు వాననీటిని లోనికి దిగనీయదు. ఏటేట తొలకరికి ముందు క్రొత్తచవుడు చల్లవలెను. మందమైన గోడలు పగటి ఎండను లోనికి రానీయవు. నడుమ తొట్టి గాలిని ఆడించును. నడివేసవిలో సైతము అట్టి యింట విసనకఱ్ఱతో కాలము గడపవచ్చును. సున్నమును గానుగలో నూరి, కరక్కాయనీరు, బెల్లపునీరు కలిపి పట్టించిన గచ్చు తేమను పీల్చి మరల విడుచును. అట్టి గోడకు సిమెంటు పూసినచో తేమ బయటికి పోవు దారి లేక లోననే నిలిచి, ఉప్పు పొంగి, పూత పెల్లలు పెల్లలుగ ఊడును. మఠమును ఉద్ధరింపబూని సిమెంటు బస్తాలు దింపించిన ధర్మకర్త మంచియుద్దేశముతోనే దానికి కీడు చేయుచున్నాడు. సున్నపుపని, రాతిపని ఎరిగిన వృద్ధులు అక్కడక్కడ ఇంకను ఉన్నారు. పని లేక వారి బిడ్డలు ఆ విద్యను విడిచిరి. ఒక్క మఠమును పాతపద్ధతిని బాగుచేయించినను ఆ కాయకమునకు మరల అన్నము పుట్టును. అద్దెబస అను ఆలోచనలో అన్నిటికంటె మేలైన భాగము ఇదియే.

ఒక విడ్డూరమును ఇచ్చట చెప్పక తప్పదు. ఏ మట్టిమిద్దెను నామోషిగ తలచి పల్లెవాడు పడగొట్టి కాంక్రీటు కప్పు వేయించుకొనుచున్నాడో, ఆ మట్టిమిద్దెక్రింద ఒక్కరాత్రి నిదురించుటకై పట్టణవాసి వేలరూపాయలు వెచ్చించుచున్నాడు. పర్యావరణమునకు హితమైన వసతియని పలకమీద వ్రాయించుటయు సులభమే. ఆ పలకక్రిందనే లోతైన బోరు త్రవ్వించి, స్నానపుతొట్టెలు నింపి, పచ్చికబయళ్ళు పెంచి, ప్రక్కయింటి బావిని ఎండగొట్టినచో ఆ హితము ఎవరికి? వాననీటికై కరవుసీమ కనిపెట్టుకొనియుండు మఠపుబావిని పూడిక తీయించి, మిద్దెనీటిని అందులోనికి మళ్ళించినచో ఆ మాటకు అర్థము కలుగును.

ఇక రెండవ చిక్కు. శరణుల కథలలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము ఎల్లరెరిగినది. బసవేశ్వరుని వాకిట చిందిన బియ్యపుగింజలను ఏరితెచ్చుట మారయ్య కాయకము, వాటితోనే జంగమదాసోహము. ఒకనాడు అతడు అవసరమునకు మించి తేగా, లక్కమ్మ మందలించి ఎక్కువైనదానిని తిరిగి పోసిరమ్మనెను. ఆమె బియ్యమును నిరాకరింపలేదు. అక్కరకు మించిన ఆశను నిరాకరించినది. అద్దె తీసికొనుటయే దోషమనుట కూడ ఈ కథకు సరిపడదు. మిద్దెకు చవుడు, దీపమునకు నూనె, పనివానికి కూలి ఎవరో ఒకరు ఇచ్చుకొనవలసినదే. మాన్యములు లేని ఈ కాలమున విహారయాత్రికుడు చెల్లించు సొమ్ము ఆ మాన్యముల స్థానమున నిలువవచ్చును. అయితే మాన్యపుపంట దాసోహమునకు పోయెడిది. అద్దెసొమ్ము ఎచ్చటికి పోవును? గుత్తకు తీసికొన్నవాని లాభముగ పట్టణమునకు పోయినచో, మఠపు గోడలు నిలిచియు మఠము పోయినట్లే.

స్పెయిను దేశమున సాంతియాగో నగరములో 16వ శతాబ్ది ఆరంభమున యాత్రికులకై రాజదంపతులు కట్టించిన ఆరోగ్యశాల ఒకటి కలదు. 1954లో ఆ ప్రభుత్వము దానిని ఖరీదైన వసతిగృహముగ మార్చినది. వందలమైళ్ళు కాలినడకను వచ్చు యాత్రికునికి అచ్చటి గది అందుబాటులో ఉండదు. అయినను మొదట చేరిన పదిమంది యాత్రికులకు ఉచితముగ భోజనము పెట్టు ఆచారమును ఆ వసతిగృహమువారు విడువలేదు. పదిమంది అనునది చిన్నసంఖ్య. అంత గొప్ప భవనమునకు అది సిగ్గుపడదగిన సంఖ్యయని కూడ అనవచ్చును. ఐనను ఆ పదివిస్తళ్ళు వేయువరకు, ఆ కట్టడము దేనికై పుట్టినదో అందులో పనిచేయువారు మరవజాలరు.

చట్టము ఈ ప్రశ్నను కొంతదూరమే మోయగలదు. 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టము పరిధిలోనికి మఠములు, సత్రములు వచ్చును. వాని ఆస్తిని గుత్తకిచ్చుటకు పద్ధతులున్నవి. వేలములో ఎక్కువ పాడినవానికి దక్కినది న్యాయసమ్మతమే. ఎక్కువ పాడినవాడు వాకిట కావలివానిని నిలిపి, జోలెతో వచ్చిన జంగమును అడ్డగించినను, గుత్తపత్రములో ఆ ముచ్చట లేనిచో అడుగువారుండరు. దాత ఏ సంకల్పముతో నీరుధార పోసెనో అది ఆ పత్రములోనికి ఎక్కవలెను. ఎక్కించవలసినవారు అధికారులు కారు, ఊరివారు.

ఉదాహరణమునకు శ్రీశైలపు దారి చాలును. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణమున వర్ణించిన శివరాత్రి యాత్ర నేటికిని ఆగలేదు. ఉగాదికి కన్నడదేశపు భక్తులు కుటుంబములతో, కాళ్ళకు పొక్కులతో, ఆత్మకూరు దాటి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలనుల మీదుగ నల్లమల నడిచి మల్లన్నను చేరుచున్నారు. ఆ దారికి చేరువపల్లెలో ఒక మఠమును బాగుచేసి బసగ మార్చిరనుకొందము. ఏడాదిలో తక్కినదినములందు గదులకు అద్దె వచ్చును. తొట్టిలో విహారయాత్రికులు కాఫీ త్రాగుదురు. అందులో తప్పేమియు లేదు. ఉగాదికి ముందటి ఆ కొలదిదినములలో, చీకటిపడినవేళ ముప్పదిమంది నడకయాత్రికులు గడపయొద్ద నిలిచినప్పుడు తలుపు తీయువాడెవడు, బియ్యము ఏ గంపనుండి వచ్చును అనునది తాళపుచెవులు చేతులు మారకముందే పత్రములో వ్రాయబడియుండవలెను.