కుట్టు ఊడితే

మా అయ్య చెప్పులు కుట్టేవాడు. నెల తిరక్కుండానే కుట్టు ఊడితే పటేలు చెప్పులు మా వాకిట్లకు విసిరి "ఏందిరా, గిట్లనేనా కుట్టేది?" అనేవాడు. అయ్య మారుమాట్లాడకుండా మళ్ళీ కుట్టిచ్చేవాడు. తోలు తప్పా, బురదల నానబెట్టినోడి తప్పా అని లెక్క తీసేవాడు కాదు. పైసా అడిగేవాడు కాదు. "మన చెయ్యి పడ్డ కుట్టు మనదే బిడ్డా" అనేవాడు.

2011లో అయ్యకు పట్నంల ఒక ప్రైవేటు దవాఖానలో ఆరోగ్యశ్రీ కార్డు మీద పేగు ఆపరేషన్ అయింది. నేనప్పుడు డిగ్రీ అయిపోయి డీఎస్సీకి చదువుతున్న. మా ఇంట్ల ఇంగ్లీషు కాగితం చదవగలిగినోణ్ణి నేనొక్కణ్ణే. చదివే సంతకం పెట్టిన. ఇంటికొచ్చిన పన్నెండో రోజు కుట్లల్లోంచి చీము కారింది. తీసుకపోతే కౌంటర్ కాడ "కార్డు ఆపరేషన్ వరకే, ఇది వేరే బిల్లు" అన్నరు. 18 వేలు. అవ్వ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది, ఆ పటేలు దగ్గరే.

"కుట్టింది వాళ్ళే గద బిడ్డా, మల్ల పైసలెందుకు?" అన్నడు అయ్య. నాకు జవాబు దొరకలేదు.

ఉద్యోగమొచ్చినంక ఒక ఆరోగ్యమిత్ర చెప్తే తెలిసింది. 2007లో మొదలైన ఆ పథకం ప్యాకేజీలోనే, డిశ్చార్జి తర్వాత 30 రోజుల దాకా వచ్చే కాంప్లికేషన్ల వైద్యం కూడా కలిసి ఉందట. పన్నెండో రోజు చీము ఆ లెక్కలోదే. చదువుకున్న కొడుకు పక్కన నిలబడి ఉండంగనే మా అవ్వ అప్పు చేసి కట్టింది. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

చీము పట్టిన ప్రతిసారీ డాక్టరు తప్పు కాదంటరు. నిజమే, ఎంత శుభ్రంగా చేసినా కొందరికి పట్టవచ్చు. నేనడిగేది తప్పు గురించి కాదు, భారం గురించి. ఎవరి తప్పూ లేని కష్టం వస్తే ఎవరు మొయ్యాలె? దవాఖాన ఆ ఖర్చును వెయ్యి ఆపరేషన్ల మీద సర్దుకోగలదు. మా అయ్యకున్నది ఒక్కటే కడుపు. పైగా ఊడిన కుట్టుకూ కొత్త బిల్లు వస్తుంటే, కుట్టు ఊడకుండ చూసుకోవాల్సిన అక్కర ఎవరికి?

అయ్యది అంతా నీతేనని నేననను. అందుల భయం కూడా ఉంది. పైసలడిగితే పటేలు ఊకోడు. తోలు కుట్టే చేతికి ఊరు భయపెట్టి నేర్పిన నీతిని మనిషిని కుట్టే చేతికి ఎవరూ నేర్పలేదు. మాకు భయం పోవాలె. ఆ నీతి మాత్రం పైదాకా పోవాలె.

ఇప్పుడు మా బడి పిల్లల తల్లిదండ్రులు దవాఖాన కాగితాలు పట్టుకొని నా దగ్గరికొస్తరు. సంతకం ఎక్కడ పెట్టాలె సారూ అని అడుగుతరు. కూసోబెట్టి ముందు మొత్తం చదివి వినిపిస్త.