ఎవరి జీవితకాలం?

కారు గురించి నేను రాయడమేమిటని మీరు నవ్వుకుంటారని తెలుసు. బి.ఏ.లో చరిత్ర, తెలుగు చదువుకున్నదాన్ని. బానెట్ ఎత్తితే లోపల ఏది ఏమిటో ఈనాటికీ తెలీదు. కానీ పోయిన నెలంతా మా ఇంట్లో ఆ కారు గురించే మాటలూ, అలకలూ, ఒక పూట భోజనం మానెయ్యడం కూడా జరిగాయి గనుక రాయక తప్పడం లేదు.

మాది 2014లో కొన్న బండి. క్లచ్ తొక్కే పనిలేని ఆటోమేటిక్. 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇక అమ్మేద్దామన్నారు మావారు. కొంటానన్నది పక్క వీధి టీచరుగారు. రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేరు. భర్తని వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి తీసుకెళ్లాలి.

అమ్మేముందు ఒకసారి చూపిద్దామని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. "గేర్‌బాక్సులో ఆయిల్ ఎప్పుడు మార్చారు సార్?" అన్నాడతను. మావారూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ఇంజనాయిల్ ఏడాదికోసారి ఠంచనుగా మార్పిస్తాం. ఇంకో నూనె ఉందని ఎవరికి తెలుసు!

"పుస్తకంలో జీవితకాలం సరిపోతుందని ఉందయ్యా" అన్నారు మావారు, కాస్త బింకంగా.

"ఎవరి జీవితకాలం సార్? మీదా, బండిదా, వారంటీదా?" అని నవ్వాడు.

ఆ నవ్వు నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి వాళ్లనీ వీళ్లనీ అడిగాను, దొరికినవన్నీ చదివాను. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆ నూనె ఊరికే మెత్తదనానికి కాదట. ఇంజను బలాన్ని చక్రాల వైపు మోసేది అదే. లోపలి పలకలు ఒకదాన్నొకటి పట్టుకునేలా నొక్కేదీ, అక్కడ పుట్టిన వేడిని మోసుకుపోయేదీ అదే. ఇన్ని చాకిరీలు చేసి నోరెత్తనిదాన్ని మనం మర్చిపోవడంలో వింతేముంది, ఇళ్లల్లో చూడనిదా! మామూలుగా ఎర్రగా ఉంటుంది. కింద కారితే ఇంజనాయిల్ కాదని తెలియడానికి రంగు కలుపుతారు. వేడికి మెల్లగా గోధుమరంగుకి తిరిగి, పదిసార్లు బజ్జీలు వేసిన నూనెలా మాడువాసన కొడుతుంది. 1970ల దాకా ఈ నూనెల్లో తిమింగలం నూనె కలిపేవారట. గేరు మెత్తగా పడడానికి ఒక ప్రాణం తీశారంటే ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. సరే, అది వేరే కథ.

గేర్‌బాక్సులు చేసే జర్మనీ కంపెనీ జడ్.ఎఫ్. తన ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్యనో, ఎనిమిదేళ్లకో నూనె మార్చమంటుంది. అవే గేర్‌బాక్సులు బిగించుకున్న కార్ల కంపెనీల్లో కొన్ని మాత్రం జీవితకాలం అనేస్తాయి. చాలా బళ్ల పుస్తకాల్లో చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంటుంది: కఠిన పరిస్థితుల్లో నడిపితే ముందే మార్చాలి. ఏమిటా కఠిన పరిస్థితులంటే ఎండ, దుమ్ము, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, దగ్గర దగ్గర ప్రయాణాలు. అంటే మెహదీపట్నం నుంచి సికింద్రాబాదుకి రోజూ మనం చేసే కాపురమే!

అయితే ఇప్పుడు మార్పించేద్దామన్నాను. మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. "ఇన్నాళ్లు ముట్టుకోలేదు కదమ్మా. కొత్తది పోస్తే ఒక్కోసారి గేరు జారుతుంది. అరిగిన పలకల పొడి పాత నూనెలో కలిసి ఆ పట్టు ఇస్తోందేమో. ఎలాగూ అమ్మేస్తున్నారు, వదిలెయ్యండి." జారిందంటే పలకలు అప్పటికే అరిగిపోయినట్టు, పాపం కొత్త నూనె మీదికి వస్తుందంతే అనే మెకానిక్కులూ ఉన్నారు. నాకు వీళ్ల మాటే సబబనిపిస్తుంది. ఏదైనా, ఆ గుట్టు విప్పే చెయ్యి మాది కావాలా, టీచరుగారిది కావాలా?

"బండి శుభ్రంగా నడుస్తోంది. ఆవిడ అడిగితే చెబుదాం. అడగనిదానికి మనకెందుకోయ్? అబద్ధమాడమన్నానా?" అన్నారు మావారు.

ఆయన చెడ్డమనిషి కాదు. నేనూ పులుకడిగిన ముత్యాన్ని కాను. ఆ డబ్బు అమ్మాయి కాలేజీ ఫీజుకని మనసులో ఎప్పుడో లెక్క కట్టేసుకున్నాను. రెండ్రోజులు నోరు మూసుకునే ఉన్నాను. మూడోరోజు టీచరుగారు గోంగూర పచ్చడి పట్టుకొచ్చి, "నువ్వు నడిపిన బండేగా అమ్మాయ్, నాకు వేరే మెకానిక్ ఎందుకు?" అన్నారు.

ముద్ద దిగితే ఒట్టు! అడిగినవాళ్లకే చెబుతామనే న్యాయం ఎలాంటిదో అప్పుడు తెలిసింది. మనల్ని అనుమానించి, గుచ్చి గుచ్చి అడిగేవాడికి నిజం దొరుకుతుంది. నమ్మి అడగనివాళ్లకి దొరకదు. కంపెనీవాడు జీవితకాలం అంటే తన పూచీ ఉన్నన్నాళ్లని మేం తిట్టుకున్నాం. మేం మాత్రం? బండి గేటు దాటేదాకానే మా జీవితకాలం!

ఆ సాయంత్రమే వెళ్లి చెప్పేశాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కాసేపు ఊరుకున్నారు. లెక్కల టీచరుగారు. "అయితే ముందు మార్పించు. ఓ నెల నువ్వే నడుపు. జారకపోతే అనుకున్న ధరకే కొంటాను. జారితే నీ బండి నీది" అన్నారు. మావారు ఆ రాత్రి అన్నం తినలేదు.

మార్పించాం. మూత విప్పితే కాఫీ డికాక్షన్‌లాంటి నూనె, అడుగున అయస్కాంతానికి కాటుకలా పట్టిన ఇనప్పొడి. ఒక్కసారికి సగం కూడా బయటికి రాదట. కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ దింపి పొయ్యాలి. యంత్రంతో ఒత్తిడి పెట్టి ఒకేసారి కడిగెయ్యడానికి మెకానిక్ ఒప్పుకోలేదు.

ఇప్పుడు మూడు వారాలైంది. ప్రతి సిగ్నల్ దగ్గరా రెండో గేరు మూడో గేరులో పడేదాకా ఊపిరి బిగబట్టి వింటున్నాను. రోజూ రాత్రి ఎనిమిదింటికి టీచరుగారు ఫోను చేసి "జారిందా?" అంటారు. "లేదండీ" అంటాను.

నిన్న మాసాబ్‌ట్యాంక్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే చిన్న కుదుపు వచ్చింది. గేరుదో, రోడ్డుదో తెలీదు. రాత్రి ఫోను మోగగానే మావారు పేపరు తీసుకుని పక్కగదిలోకి వెళ్లిపోయారు. "ఇవాళ ఒక కుదుపు వచ్చిందండీ" అని మొదలుపెట్టాను.