గట్టు కోయించకు, అమ్మడూ

అమ్మడూ, నువ్వు పంపిన ఫోటో చూశాం. నల్లగాజు ఇండక్షన్ హాబ్, నాలుగు పొయ్యిలు, గట్టులోకి దించి బిగించేది. మీ పిన్నికి తెగ నచ్చేసింది. నేను మాత్రం గ్రానైటు కోసేవాణ్ణి అప్పుడే పిలవొద్దంటాను. నాలుగూ వెలిగిస్తే అలాంటిది 7,000 వాట్ల దాకా లాగుతుంది. మీ ఫ్లాటుకి ఎన్ని కిలోవాట్ల లోడు ఇచ్చారో కరెంటు బిల్లు మీదే ఉంటుంది, ముందది చూడు. మూడో నాలుగో ఉంటే, పొద్దున్నే గీజరు నడుస్తుండగా నువ్వు సాంబారు పెట్టావంటే, అల్లుడుగారు తలకి సబ్బుతో చీకట్లో నిలబడాల్సిందే.

గట్టు మీద పెట్టుకునే ఒంటి ఇండక్షన్ స్టవ్ కొనుక్కో. గ్యాసు పక్కనే ఉండనీ. పుల్కా పొంగాలన్నా, పచ్చడికి వంకాయ కాల్చాలన్నా మంట కావాలి.

కొట్టుకి వెళ్లేముందు ఫ్రిజ్ తలుపుకి అంటించిన అయస్కాంతం బొమ్మ తీసి, గిన్నెలన్నీ బోర్లించి అడుగులకి ఆనించి చూడు. గట్టిగా పట్టుకుంటే ఆ గిన్నె పనికొస్తుంది. ఇండక్షన్‌లో వేడెక్కేది పొయ్యి కాదు, గిన్నె అడుగు. గాజు కింద ఉన్న రాగితీగ చుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, దానికి ఇనుము జాతి అడుగే కాగుతుంది. మీ అత్తగారిచ్చిన ఇత్తడి గుండిగ, పాత అల్యూమినియం కుక్కరు, పులుసు పెట్టే మట్టి చట్టి దాని మీద చల్లగా కూర్చుంటాయి. స్టీలులో కూడా కొన్ని అంటుకోవు. ఇనప పెనం అంటుకుంటుంది గానీ, లోపలి చుట్ట పెనమంత వెడల్పు ఉండదు. అందుకే దోసె నడుమ ఎర్రగా, అంచు తెల్లగా వస్తుంది. సెగ తగ్గించి, పెనమంతా కాగేదాకా ఆగి పిండి వెయ్యి.

ఏ గిన్నెకైనా పనికొస్తుందని ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి చూపిస్తారు. నిజమే, అడుగు చదునుగా ఉంటే చాలు. దాని గాజు మాత్రం ఎర్రగా కాలుతుంది, ఆపాక కూడా చాలాసేపు చురుక్కుమంటుంది. గట్టు పట్టుకుని నిలబడే బుడతడున్న ఇంట్లో నాకది ఇష్టం లేదు.

ఇక సాకెట్. 2,000 వాట్లంటే మన 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు. మిక్సీ పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. లావు పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్, బోర్డు నుంచి దానికంటూ విడిగా లాగిన వైరు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి వెళ్లకు. కరెంటాఫీసులో పనిచేసినవాణ్ణి, కరిగి గోడకి అంటుకుపోయిన సాకెట్లు చాలానే చూశాను.

కొట్లో కుర్రాడు ఇడ్లీ బటన్, దోసె బటన్ అంటూ మొదలెడతాడు. చెప్పనీ, పోనీ. గిన్నెడు నీళ్లు మరిగించి, సెగ బాగా తగ్గించమను. కొన్ని రకాలు నిజంగా తగ్గవు. కాసేపు పెద్ద సెగ, కాసేపు ఏమీ లేదు. నీళ్లు తెర్లి, ఆగి, మళ్లీ తెర్లితే వద్దను. దాని మీద పాలు కాయలేవు. పిండి చేతులకి తాకే బటన్లు పలకవు, నొక్కే బటన్లు ఉన్నదే తీసుకో.

బిల్లుకి భయపడకు. లీటరు నీళ్లు మరగడానికి యూనిట్‌లో పదో వంతు చాలు. మొత్తం వంటంతా దీని మీదే పెడితే మాత్రం పై శ్లాబులోకి వెళ్తావు.

మీ మామగారికి పేస్‌మేకర్ ఉంది కదా, ఈ స్టవ్ ఇంట్లో పెట్టేముందు వాళ్ల డాక్టర్ని అడగండి. ఆయన్ని దాని దగ్గర వంగి నిలబడనివ్వకు.

వంటవగానే గోడ స్విచ్ కట్టెయ్యకు, లోపలి ఫ్యాను కాసేపు తిరిగి ఆగాలి. సాకెట్ ఫోటో ఒకటి పంపు, కన్నాలు కనిపించేలా దగ్గరగా తియ్యి.