పాయిఖాన ఎవరు కడగాలె?

మనిషి మనిషికి ఏం బాకీ ఉన్నడనే దాని మీద పెద్ద పెద్ద గ్రంథాలున్నయి. పాయిఖాన ఎవరు కడగాలె అనే ప్రశ్న మాత్రం నేను చదివిన డిగ్రీ పుస్తకాల్లో లేదు. మా ఊర్లల్ల దానికి జవాబు ముందుగాలనే ఉండె. జవాబున్న దాన్ని ఎవరు అడుగుతరు?

నేను బషీరాబాద్ మండలంలో సర్కారు బడి పంతుల్ని. నాయిన తాండూరు నాపరాళ్ళ గనుల్లో బండలు కొట్టిండు. అమ్మ కందిచేన్లకు కూలికి పోయింది. మా ఇంట్ల డిగ్రీ కాగితం నాతోనే మొదలు.

బడి పిల్లల్ని తీసుకొని శ్రీహరికోట పోయినం. 1971 అక్టోబరు 9న రోహిణి అనే చిన్న రాకెట్ లేచిన చోటు, 2023 జులై 14న చంద్రయాన్-3 లేచిన చోటు అది. రాకెట్ నమూనాల కింద నిలబడి పిల్లలు నోరెళ్ళబెట్టిండ్రు. వ్యోమగాములకు శిక్షణ ఇచ్చేది ఇక్కడ కాదు, బెంగుళూరుల అని చెప్తున్న. మా వాడ పిల్ల ఒకతి అడిగింది: "సార్, మీద దొడ్డికి పోతే ఎవరు ఎత్తిపోస్తరు?" అందరూ నవ్విండ్రు. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల తల్లి తాండూరుల పాయిఖానలు కడుగుతది.

జవాబు చెప్పిన. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2000 నవంబరు నుంచి మనుషులు ఎడతెగకుండ ఉంటున్నరు. 2025 జూన్‌లో మన శుభాంశు శుక్లా పోయింది అక్కడికే. అక్కడ గాలితో గుంజే పాయిఖాన ఉంటది. దాన్ని శుభ్రం చేసేది, చెడిపోతే బాగుచేసేది వ్యోమగాములే. పోకముందు నేల మీద ఆ పని కూడ నేర్చుకుంటరు. అమెరికా వాళ్ళ భాగంలో మూత్రం, చెమట, ఊపిరిలోని తేమ పట్టి, శుద్ధి చేసి మళ్ళ తాగుతరు. నూటికి 98 పాళ్ళ నీళ్ళు తిరిగి వస్తున్నయని 2023లో నాసా చెప్పింది. ఎవరి చెమట ఎవరి నోట్లకు పోయిందో ఎవరూ అడగరు. మా నాయినమ్మ ఊరి బాయి కాడ కడవ దించి, ఎవరన్న పోస్తరేమోనని పొద్దెక్కేదాక నిలబడేది.

సైన్సు వస్తే కులం పోతదని పంతుళ్ళం చెప్తం. నాకు నమ్మకం కుదరదు. యంత్రం ఎక్కడికి వస్తది? ఎత్తిపోసే మనిషి దొరకని చోటికి వస్తది. ఇక్కడ మనిషి యంత్రం కన్న చౌక. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొక చట్టం వచ్చినయి. మ్యాన్‌హోళ్ళల్ల చావులు ఆగలేదు. కోలార్ బంగారు గనుల కాడ, తండ్రి పాకీపని చేసిన ఇంట్ల పుట్టిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసె అవార్డు వచ్చింది. ఆయన కొట్లాట ఇంకా ఒడువలేదు.

బడి పాయిఖాన కడిగేందుకు నేను వంతులు పెడ్తనని ఊర్ల తెలిసింది. పెద్దకులం తండ్రి ఒకాయన వచ్చిండు. "మా పిలగాడు చీపురు పట్టాల్నా సారూ?" అన్నడు. ఆయనకు జవాబు చెప్పుడు అల్కనే. పొద్దుమూకి ఆ పిల్ల తల్లి వచ్చింది. "సారూ, మా అత్త పట్టింది, నేను పట్టిన. నా బిడ్డ చేతికి నువ్వు కూడ చీపురే ఇస్తవా? నువ్వు మనోడివే గద."

ఇద్దరూ అడిగింది ఒక్కతీరుగనే వినబడ్తది. కానీ ఆయనకు కావాల్సింది ఇన్నేండ్లు అనుభవించిన సుఖం. ఆమెకు కావాల్సింది ఇన్నేండ్లు దొరకని సెలవు. అంతరిక్షంలో వంతులు న్యాయమే, అక్కడ లెక్క సున్నా నుంచి మొదలైంది. మా ఊరి లెక్కల పాత బాకీ ఉన్నది. ఇయ్యాల్టి నుంచి అందరం సమానం అనుకుంటే మాఫీ అయ్యేది ఎవరి బాకీ?

వంతుల కాగితం రాసి గోడకు అంటించిన. మొదటి పేరు నాది. వాడ పిల్లల పేర్లు రాయలేదు. ఆ తండ్రి మళ్ళ వచ్చిండు. "అందరూ సమానమని పాఠం చెప్తవు గద, వాళ్ళ పేర్లేవి?"

"మీ ఇంట్ల మూడు తరాలు పట్టినంక రాస్త" అన్న.