మల్బా

1998 ఎండాకాలంలో మా ముందుగదిలో షాబాద్ బండలు తీయించి మార్బుల్ వేయించాం. కాచిగూడలో చప్పల్ బజార్ వెనక గల్లీ మాది. ఇల్లు మా మామగారు డంగు సున్నంతో కట్టించింది. బండలు పెకలించి, వంటింటి అడ్డగోడ కూల్చేసరికి రెండు ట్రాక్టర్ల మల్బా తేలింది. ట్రాక్టర్ అతను ట్రిప్పుకు 150 అడిగి 120కి దిగాడు. "ఎక్కడ పోస్తావయ్యా?" అన్నాను, ఏదో మాటవరసకు. "అంబర్‌పేట దిక్కు ఓ కుంట ఉన్నది టీచరమ్మా. అందరం ఆడనే పోస్తున్నం."

ఏ కుంట అని అడగలేదు. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి లోపలికి వచ్చాను.

నేను తెలుగు పండితురాలిని. అప్పటికి ఇరవై ఏళ్లుగా పిల్లలకు సప్తసంతానాలు చెబుతున్నాను. తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, కుమారుడు. మనిషి పోయాక కూడా అతని పేరు నిలబెట్టేవి ఏడు. రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు ఎప్పుడూ కొడుకును మొదట రాసేవారు. వరసకు మార్కులు లేకపోయినా నేను ఎర్రసిరాతో బాణం గీసి చెరువును పైకి తెచ్చేదాన్ని. పోరుమామిళ్ల కథ చెప్పకుండా ఆ పాఠం ముగించింది లేదు. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కడప సీమలో తవ్వించిన చెరువు, 1369 నాటి శాసనం. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లకు వంద బళ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు ఏమిటో కూడా ఆ రాతి మీదే చెక్కించారు. ఇదంతా నోటికి వచ్చినదాన్నే ట్రాక్టర్‌కు 120 ఇచ్చి పంపాను.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు మనవరాలిని తీసుకుని బాగ్ అంబర్‌పేట బతుకమ్మ కుంటకు వెళ్తున్నాను. మా గల్లీ నుంచి తిలక్‌నగర్ మీదుగా ఆటోలో ఎంతోసేపు పట్టదు. చుట్టూ నడక దారి, కూర్చోవడానికి బల్లలు, పిల్లలకు జారుడుబల్ల, కాళ్లూ చేతులూ ఊపుకునే ఇనుప యంత్రాలు. ఆ యంత్రాల మీద మా వయసు మగవాళ్లు వ్యాయామం తక్కువ, రాజకీయం ఎక్కువ చేస్తుంటారు. మనవరాలికి రెండే ప్రశ్నలు: చేపలున్నాయా, పాములున్నాయా. నాకు ఒకటే. ఇది ఆ కుంటేనా?

1962-63 రెవెన్యూ లెక్కల్లో ఇది 14 ఎకరాల పైచిలుకు. చుట్టుపక్కల ఆడవాళ్లు బతుకమ్మ ఆడి, పూలను ఇందులోనే సాగనంపేవారు కాబట్టి ఆ పేరు. తర్వాత మట్టి, చెత్త, మల్బా, ముళ్లకంప, ఆపైన కోర్టు తగాదాలు. మిగిలింది 5 ఎకరాల చిల్లర. చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024లో పుట్టిన సర్కారు సంస్థ హైడ్రా 2025 ఫిబ్రవరిలో యంత్రాలు దింపింది. నాలుగడుగులు తవ్వారో లేదో నీళ్లు ఎగదన్నాయి. మంచినీళ్ల పైపు పగిలిందని కొందరు అన్నారు. జలమండలి వాళ్లు వచ్చి చూసి, ఇది పైపు నీరు కాదు, భూమిలో ఊరిన జల అని తేల్చారు.

ఆ వార్త చదివిన రోజు నేను కాఫీ చల్లార్చుకున్నాను. అన్నేళ్లూ ఆ నీరు ఎక్కడికీ పోలేదు. మా అందరి గచ్చుల కింద అక్కడే ఉంది.

శాస్త్రం ఏమంటుందో వెతకడం నా వృత్తి రోగం. చెరువు గట్టు తెంచినవాణ్ని నీళ్లలో ముంచి చంపమన్నాడు మనువు. దయలేని మాటే, కానీ నాకు మరోటి తట్టింది. ఆ కాలంవాళ్లకు చెరువు శత్రువంటే అర్ధరాత్రి గడ్డపారతో వచ్చే ఒక్కడు. పట్టపగలు, బేరమాడి, రెండు ట్రిప్పులు పంపే ఇల్లాలు వాళ్ల ఊహకు అందలేదు. తెంచడం ఒక రాత్రి పని. పూడ్చడానికి ముప్ఫై, నలభై ఏళ్లూ, కొన్ని వేల ఇళ్లూ కావాలి. అంతమందిని ముంచాలంటే ముందు చెరువు ఉండాలి కదా!

ఇదంతా పక్కింటి భాభీతో అన్నాను. మార్వాడీ జైనులు. కాచిన నీళ్లే తాగుతుంది, పొద్దుగూకితే మెతుకు ముట్టదు. ఆమె పాలకూర ఆకులు ఒక్కొక్కటే తిప్పి చూస్తూ, "తెలిసి తొక్కినా తెలియక తొక్కినా చీమ చచ్చిందా లేదా అక్కా?" అంది.

నాకు ఉపాలి గుర్తొచ్చాడు. నలందలో నాతపుత్తుడి, అంటే జైనుల మహావీరుడి, శిష్యుడైన గృహస్థు. చేత చేసిన పని బరువా, మనసులో తలచింది బరువా అని బుద్ధుడితో వాదానికి దిగాడు. మనసే బరువన్నాడు బుద్ధుడు. దారిలో నడుస్తూ అనుకోకుండా సన్న ప్రాణుల్ని తొక్కిన సన్యాసి సంగతేమిటని అడిగాడు. ఉపాలి చివరకు బుద్ధుడి పక్షం చేరాడు. ఆ కథ నేను ఊపిరి పీల్చుకోవడానికే చెప్పుకున్నాను. కుంటను చంపాలని నేనేమైనా అనుకున్నానా? గది ఊడ్చుకోవాలనుకున్నాను. భాభీ కథంతా ఓపిగ్గా విని, "మరి చీమ?" అంది.

ఆ రాత్రి పడుకున్నాక తెలిసింది, నాకు బుద్ధుడి దగ్గర కూడా విడుదల లేదని. "ఏ కుంట?" అన్న రెండో ప్రశ్న నా నోటి దాకా వచ్చింది. గొంతులో దాని బరువు ఇప్పటికీ గుర్తుంది. అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే వేరే బండి వెతకాలి, తాపీమేస్త్రీ ఒకరోజు ఖాళీగా కూర్చుంటాడు. అందుకని మింగేశాను. తెలియకపోవడం వేరు, తెలియకుండా జాగ్రత్తపడటం వేరు. రెండోది నేను తలచి, ఎంచుకుని చేసిందే. మా రెండు ట్రాక్టర్లు పోయింది ఈ కుంటలోకే అని చెప్పలేను, కాదనీ అనలేను. అంబర్‌పేట దిక్కున అప్పుడు గుంటలకు కొదవ లేదు. ఆ అనుమానాన్ని నేనే చేతులారా తయారుచేసుకున్నాను, తర్వాత ఎప్పుడైనా పనికొస్తుందని.

మరి పుణ్యం ఎవరిది? ఏళ్ల తరబడి ఈ కుంట కోసం తిరిగిన నాయకుడు వి.హనుమంతరావుదా, ఉత్తర్వు ఇచ్చిన అధికారిదా, బకెట్ దించిన జేసీబీ కుర్రాడిదా? పోరుమామిళ్ల రాయి రాకుమారుడి పేరు చెబుతుంది, వెయ్యిమంది కూలీలకు లెక్క మాత్రమే ఉంది. పూడ్చినవాళ్లమైన మాకు ఆ లెక్క కూడా లేదు. మమ్మల్ని ఏ రాయీ తలచుకోదు. పాపంలో ఇంత హాయి ఉంటుందని నేను పిల్లలకు చెప్పలేదు.

2025 సెప్టెంబరు 26న ముఖ్యమంత్రి వచ్చి కుంటను ప్రారంభించాలి. వానలు. మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి. 28కి వాయిదా వేశారు. 1908లో మూసీ ఈ నగరాన్ని ముంచింది కూడా సెప్టెంబరు 28నే. ఆనాడు పైనున్న చెరువులు ఒకదాని వెంట ఒకటి, మొత్తం 221 తెగాయి. తేదీల్లో అర్థాలు వెతకడం నాకు ఇష్టం ఉండదు కానీ, ఈ ఒక్కసారికి రాసి పెట్టుకున్నాను.

ఆ వారంలోనే సద్దుల బతుకమ్మ. అంతకుముందు ఎన్నో ఏళ్లు మా గల్లీ వాళ్లం గుడి ఆవరణలో నీలం ప్లాస్టిక్ టబ్బులో బతుకమ్మలను దింపేవాళ్లం. మూడో బతుకమ్మకే టబ్బు నిండి, నాలుగోది పూల మీద పూలై కూర్చునేది. ఈసారి కుంటకు వెళ్లాం. భాభీ కూడా వచ్చింది, చూడటానికి. తంగేడు, గునుగు, బంతి, పైన పసుపు గౌరమ్మ. నీళ్లలోకి వదిలితే కాసేపు అక్కడే తిరిగి, మెల్లగా లోపలికి జరిగింది. "పోయి రావమ్మా" అనాలి. నాకు మాట రాలేదు, మా కోడలు అంది. భాభీ నీళ్ల వైపు కాక గట్టు మట్టి వైపు చూస్తూ, "మీ బండలు ఏ వైపు ఉంటాయి అక్కా?" అని మెల్లగా అడిగింది. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

మొన్న వంటింటి గట్టు మార్పించాం. మిగిలిన షాబాద్ బండలు కూడా లేచాయి. ఈసారి ట్రాలీ ఆటో. "ఎక్కడ పోస్తావు?" అన్నాను. "మీకెందుకమ్మా, నేను చూసుకుంట" అన్నాడు. ఫతుల్లగూడలో మల్బాను పొడి చేసే కార్ఖానా ఉంది, అక్కడే పోయాలన్నాను. దూరం, 800 ఎక్కువ అన్నాడు. సరే, నువ్వు పోసినట్టు నాకెలా తెలుస్తుందన్నాను. "నమ్మకం లేకుంటే మీరే వచ్చి కూసోండ్రి" అన్నాడు కోపంగా.

ఎక్కి కూర్చున్నాను. నా వయసు డెబ్బై ఒకటి. మా అబ్బాయి గుమ్మంలో నిలబడి తల పట్టుకున్నాడు. నాగోలు దగ్గర సిగ్నల్ పడింది. డ్రైవర్ కోపం అప్పటికి దిగింది, బండిలో ఇట్లా ఎవరూ ఎక్కలేదని నవ్వాడు. నా కాళ్ల దగ్గర చేటంత షాబాద్ బండ ముక్క ఒకటి అటూ ఇటూ జారుతోంది. చెప్పుతో అదిమి పట్టుకున్నాను.